గుడ్డపీలికలు

రాజుల పట్టుబట్టలను భద్రపఱచుటకు ప్రదర్శనశాలలు గలవు. పేదవాని చొక్కాను ఎవరు దాచెదరు? మన యిండ్లలో నలిగిన నేతచీర మొదట పసిబిడ్డకు పొత్తిగుడ్డ యగును. పిదప బొంతలో చేరును. కడపట మసిగుడ్డయై నశించును. ఇంగ్లండులోను పూర్వ మిట్లే జరిగెడిది. ఎందులకును పనికిరాని చింకిగుడ్డలను కాగితము చేయుటకై కొనిపోయెడివారు. కావున 18వ శతాబ్దమున అచటి సామాన్యులు ధరించిన బట్టలు మిక్కిలి అరుదు. అయినను అట్టి వస్త్రముల పీలికలు సుమారు 5,000 లండనులో నిలిచియున్నవి. అవి నిలిచిన కారణము మాత్రము దుఃఖకరమైనది.

థామస్ కోరమ్ అను నావికుడు వీథులలో విడువబడిన శిశువులను చూచి సహింపలేక, పదునేడేండ్లు పాటుపడి, 1739లో రాజాజ్ఞ సంపాదించి అనాథ శిశుశరణాలయమును స్థాపించెను. 1741 నుండి అందు శిశువులను చేర్చుకొనసాగిరి. తల్లి తన పేరు చెప్పనక్కఱలేదు. బిడ్డకును అచట క్రొత్తపేరు పెట్టెడివారు. మఱి యొకనాడు ఆ తల్లి తిరిగివచ్చి తన బిడ్డను అడిగినచో ఆనవాలేది? అందులకై బిడ్డ బట్టనుండి గాని, తల్లి యిచ్చిన వస్త్రమునుండి గాని చిన్నముక్కను తీసి, చేర్పుపత్రమునకు గుండుసూదితో గుచ్చెడివారు. ఆ పత్రములను పుస్తకములుగా కుట్టి దాచుటచే పలు పీలికల రంగులు నేటికిని వెలయలేదు.

పేదల బట్టలనగా మాసి వెలవెలబోయినవే యని మన మనుకొందుము. ఈ పుటలు త్రిప్పినచో పూలు, తీగెలు, చారలు, గళ్లు, రంగురంగుల రిబ్బనులు కానవచ్చును. ముతక ఉన్నియు, అవిసెనార బట్టయు లేకపోలేదు. పలువురు తల్లులు తమ పాతగౌనులను కత్తిరించియే బిడ్డలకు బట్టలు కుట్టిరి. కావున శిశువు చొక్కాచేతి ముక్కను చూచినచో తల్లి ధరించిన గౌను ఎట్టిదో తెలియుచున్నది. అచ్చుపూల ముక్కలను చూచిన తెలుగువారికి మఱియొక తలంపు కలుగక మానదు. మచిలీపట్టణము మున్నగు రేవులనుండి పోయిన అద్దకపు బట్టలను అనుకరించియే ఆంగ్లేయులు ఆ విద్యలో ఆరితేరిరి. అద్దకపు నూలుబట్టలను ధరింపరాదని 1721లో అచట చట్టము చేసిరి గాని, ఆ పూలపై స్త్రీలకు గల మోజును ఏ చట్టము మాన్పగలదు?

1760 వఱకు చేర్చుకొన్న శిశువులు 16,282 మంది. పెక్కుమంది శైశవముననే మరణించిరి. తిరిగి తమవారిని చేరినవారు 152 మంది మాత్రమే.

తరువాతి కాలమునకు చెందిన యొక పీలిక కలదు. అది పలురంగుల ముక్కలను కలిపి కుట్టిన అతుకులగుడ్డ. దానిపై దారముతో హృదయచిహ్నము కుట్టబడినది. గుడ్డను ఆ చిహ్నము నడుమగా రెండుగా కత్తిరించిరి. 1767 ఫిబ్రవరి 11న చేర్చబడిన చార్లెస్ అను బాలుని ఆనవాలది. రెండవ సగమును తల్లి తనకడ దాచుకొనియుండవలెను. ఆమె పేరు సారా బెండర్. ఎనిమిదేండ్లు గడచినవి. 1775 జూన్ 10న ఆమె వచ్చి కుమారుని తీసికొనిపోయెను. శరణాలయమువారి సగము నేటికిని ఆ పత్రములలోనే యున్నది.