అల్లుడికి ఎర్ర వైన్ గురించి

కొత్తగూడ,
మహబూబాబాద్ జిల్లా.



ఇటలీలోని తొరీనోలో నీ క్లాసు పిల్లలు గ్లాసు తిప్పుతూ, వాసన చూస్తూ ఏవేవో మాట్లాడుకుంటుంటే తలూపి ఊరుకుంటున్నానని మొన్న ఫోన్లో అన్నావు. అందులో చిన్నబోవాల్సిందేం లేదురా. వైన్ నీకు కొత్త గానీ రుచి చూడడం కొత్త కాదు. కల్లు రుచి ఎరిగిన ఊళ్లో పుట్టినవాడివి. హైదరాబాద్ హోటల్లో ఇటలీ వైన్లు వడ్డించిన ఏండ్లలో నాకు బాగా పనికొచ్చింది ఆ ఎరుకే.

గౌండ్లాయన లొట్టి వంచగానే మన పెద్దోళ్లు ఏం చేస్తారో గుర్తుచేసుకో. ముందు నురుగు చూస్తారు. ఊది పక్కకు జరిపి వాసన పీలుస్తారు. ఒక్క గుక్క నోట్లో నిలిపి, పోతుతాడుదో పండుతాడుదో, పొద్దటిదో మాపటిదో చెప్పేస్తారు. పొద్దున తియ్యగా ఉన్నది ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుందనీ, లొట్టి సరిగా కడగకపోతే వాసన మారుతుందనీ వాళ్లకు ఏ బడిలోనూ చెప్పలేదు. వైన్ దగ్గర కూడా అదే వరుస: కన్ను, ముక్కు, తర్వాత నాలుక.

గ్లాసులో మూడో వంతుకు మించి పోయకు. తెల్ల కాగితం మీదికి వంచి రంగు చూడు. తిప్పితే గాలి తగిలి వాసన పైకి లేస్తుంది, తిప్పడం అందుకే. చిన్న గుక్క తీసుకుని నోరంతా తాకేలా ఆడించి మింగు. మింగాక నీ నోటినే గమనించు. దవడల పక్కన నీళ్లూరితే పులుపు బాగా ఉన్నట్టు. చిగుళ్లు పట్టేసి నాలుక గరుకుగా అయితే అది వగరు, నేరేడు పండ్లు తిన్నాక మిగిలేదే. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వస్తుంది. ఎర్ర వైన్‌ను తొక్కలతో సహా పులియబెడతారు కాబట్టి తెల్లదాంట్లో పెద్దగా కనపడని వగరు ఇందులో తెలుస్తుంది. పులుపు ఎంత, వగరు ఎంత, మింగాక రుచి ఎంతసేపు నిలిచింది, ఇంతవరకు చెప్పగలిగితే చాలు. నీ దోస్తులు చెర్రీ అంటారు, వయొలెట్ పూలు అంటారు. నీకు రేగుపండు వాసన వస్తే రేగుపండే అను. అది కూడా సరైన జవాబే.

బరోలో జోలికి ఇప్పుడే పోకు. నెబ్బియోలో ద్రాక్షతో చేసే ఆ వైన్‌ను కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, మాగబెట్టాకే అమ్మాలని అక్కడి నియమం. అయినా లేతది తాగితే చిగుళ్లు బిగుసుకుపోతాయి, జేబుకు కూడా బరువు. నువ్వుండే పియెమోంతె ప్రాంతంలోనే అస్తి, ఆల్బా ఊళ్లు ఉన్నాయి. ఆ గుట్టల మీది ద్రాక్షతోటలను 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి జనం రోజూ తిండితో తాగేది బర్బేరా, దొల్చెత్తో. బర్బేరాలో పులుపు ఎక్కువ, వగరు తక్కువ. చింతపులుసుతో పెరిగిన నాలుకకు వెంటనే నచ్చుతుంది. దొల్చెత్తోలో పులుపు తగ్గి, చివర్న బాదంగింజ చిరుచేదు తగులుతుంది. రెండూ ఒకే సాయంత్రం తెప్పించి, నలుగురూ పంచుకుని, రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టుకుని తాగండి. ఒక్కో సీసా విడిగా తాగితే తెలియని తేడా అప్పుడు తెలుస్తుంది.

తర్వాత కియాంతి చూడు. అందులో 70 శాతానికి తగ్గకుండా సాంజొవేజె ద్రాక్ష ఉండాలి. ఆ వైన్ పుట్టిన కియాంతి ప్రాంతపు హద్దులను తొస్కానా పాలకుడు మూడో కోసిమో 1716లోనే గీయించాడు. మోదెనా వైపు వెళ్తే లంబ్రుస్కో అడుగు. చల్లగా, నురుగుతో వస్తుంది. ఎర్ర వైన్ అంటే బరువుగా ఉంటుందన్న భయం దాంతో పోతుంది.

ధర చూసి మోసపోకు. చిన్న హోటళ్లలో ‘వీనో దెల్లా కాసా’ అని హోటల్ సొంత వైన్‌ను పావు లీటరు, అర లీటరు కూజాల్లో ఇస్తారు, మొహమాటం లేకుండా అదే అడుగు. సీసా కొంటే మాత్రం డీఓసీ, డీఓసీజీ అక్షరాలు చూడు. 1963 చట్టంతో మొదలైన గుర్తులవి, ఎక్కడి ద్రాక్షో, ఏ పద్ధతిలో చేశారో చెబుతాయి. అవి ఉన్నా 1986లో అక్కడ వైన్‌లో మిథనాల్ కలిపిన వ్యాపారుల వల్ల ఇరవై మందికి పైగా చనిపోయారు, వాళ్లలో మీ పియెమోంతె వ్యాపారులూ ఉన్నారు. ఆ తర్వాతే తనిఖీలు గట్టిపడ్డాయి. ఇక్కడ కల్లులో ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలు తీసింది. చెట్టు కింద మన కళ్ల ముందు దించిన కల్లు తాగినవాళ్లకు ఆ గతి ఎందుకు పడుతుంది? అందుకే చెబుతున్నా, ఏదైనా తాగేముందు ఎక్కడిదో, ఎవరు చేశారో అడగడం మానకు.

ఇంకో సంగతి. కల్లు దూపకు తాగుతాం. వైన్ దూపకు పనికిరాదు. తాజా కల్లులో మత్తు 4–5 శాతం ఉంటే బర్బేరాలో 13, 14 ఉంటుంది. పక్కన నీళ్లు పెట్టుకో, ఖాళీ కడుపుతో ముట్టుకోకు, ఒకటి రెండు గ్లాసులతో ఆపు. మన కోయోళ్లు ఇప్పసారాను ముందు వేల్పుకు పోసి ఆ తర్వాత తాము తాగుతారు. తాగడానికి ఒక వేళ, ఒక మర్యాద ఉండాలన్నది నేను వాళ్ల దగ్గర నేర్చుకున్నదే.

ఎండాకాలం గది వేడిలో పెట్టిన ఎర్ర వైన్ నోటికి మత్తు ఘాటే తప్ప ఇంకేం అందించదు. తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టు, 15 నుంచి 18 డిగ్రీలు సరిపోతుంది. లంబ్రుస్కో అయితే ఇంకా చల్లగా ఉండాలి.

నాటుకోడి వండితే కారం సగానికి తగ్గించు. కారం మీద వగరు వైన్ పడితే నోరు మరింత మండుతుంది. గోంగూర మటన్‌తో బర్బేరా కుదురుతుంది, ఆ పులుపును తట్టుకునే పులుపు దాంట్లో ఉంది. మీ అమ్మ పంపే మామిడికాయ పచ్చడితో మాత్రం ఏ వైనూ వద్దు. అది పెరుగన్నంలోకి ఉంచుకో. పార్సిల్ ఈ శనివారం వేస్తున్నాం, డబ్బా మూత గట్టిగా బిగించమని చెప్పా.

ఇట్లు,
మీ మామయ్య