క్యాబిన్ దింపిన రోజు

మొగిలి ఘాటులో లారీ ఆగిపోయింది. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో ఉంది ఈ ఘాటు. లారీ నిండా మామిడికాయలు. ఇంజను నుంచి పొగ. రేడియేటర్ పైపు పగిలి నీళ్ళన్నీ కారిపోయాయి. నీళ్ళు లేక ఇంజను కాగి కాగి పట్టేసింది.

ఆ లారీ ఒక అక్కది. ఊళ్ళో అందరూ ఆమెను లారీ అక్క అంటారు. ఆమె భర్త లారీ తోలుతాడు. లెక్కలు ఆమె చూస్తుంది. మొదట్లో వేలిముద్ర వేసేది. రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు లెక్కల పుస్తకం తానే రాస్తుంది.

కాయలు వేరే బండికి మార్చారు. లారీని కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. మేస్త్రి చూశాడు.

"అక్కా, ఈ ఇంజను ఇంక పనికి రాదు. ఇదే రకం ఇంజను ఇంకోటి వేసుకోవాల. దానికి ముందు క్యాబిన్ లేపాల" అన్నాడు.

"క్యాబిన్ ఎందుకు లేపాల నాయనా? ముందర జాలీ తీసి ఇంజను లాగితే రాదా?" అని అక్క అడిగింది.

"కొన్ని బండ్లకు వస్తాదక్కా. మన బండిలో ఇంజను సగం క్యాబిన్ లోపల ఉండాది. పైన మూత తీసినా సందు చాలదు" అన్నాడు మేస్త్రి.

అది పాత టాటా 1210 లారీ. ఆ కాలంలో కంపెనీ నుంచి ఛాసిస్, ఇంజను వచ్చేవి. క్యాబిన్‌ను, వెనక తొట్టిని బాడీ కట్టే షెడ్లలో కట్టించుకునేవారు. వడ్రంగులు కొయ్యతో చట్రం కట్టి, పైన రేకు కొట్టేవారు. ఇప్పుడు వచ్చే పెద్ద లారీల్లో చాలా వాటికి క్యాబిన్ ముందుకు వంగుతుంది. పాతవాటికి ఆ వీలు లేదు. బోల్టులు విప్పి పైకి లేపాల్సిందే.

మరుసటి రోజు పని మొదలైంది.

1. లారీని చదును నేల మీద నిలిపారు. చక్రాలకు ముందూ వెనకా కొయ్య దిమ్మెలు పెట్టారు.

2. బ్యాటరీ వైర్లు తీశారు. ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ వైరు. ఇట్లా తీస్తే స్పానర్ తగిలి నిప్పురవ్వలు లేచే భయం తక్కువ.

3. రేడియేటర్‌లో మిగిలిన నీళ్ళు దింపారు. ఇంజను చల్లారి ఉంది కాబట్టి మూత తీశారు. వేడిగా ఉన్నప్పుడు తీస్తే మరిగే నీళ్ళు మొహాన చిమ్ముతాయి. గాలి ట్యాంకులోని గాలి కూడా వదిలారు.

4. క్యాబిన్‌కూ కింది భాగానికీ మధ్య ఉన్న వైర్లు, పైపులు, కడ్డీలు ఒక్కొక్కటే విప్పారు. స్టీరింగ్ కడ్డీ విప్పేముందు రెండు ముక్కల మీద తెల్ల రంగుతో గీత పెట్టారు. మళ్ళీ బిగించేటప్పుడు గీతకు గీత కలవాలి.

ఇక్కడే అక్క చదువు అక్కరకొచ్చింది. అంతకు ముందొకసారి వేరే పనిలో వైర్లు తారుమారై రెండు రోజులు పోయాయి. ఈసారి ఆమె అట్ట ముక్కలు కత్తిరించింది. "కుడి లైటు", "ఎడమ లైటు", "హారన్" అని రాసి ఒక్కో వైరుకు ఒక్కోటి కట్టింది. బోల్టులను డబ్బాల్లో వేసి, పైన "క్యాబిన్ ముందర", "క్యాబిన్ వెనక" అని రాసింది.

5. బరువు తగ్గడానికి సీట్లు, తలుపులు తీశారు. తర్వాత క్యాబిన్ బోల్టులు విప్పారు. వాటి కింది రబ్బరు బుష్‌లు నలిగిపోయి ఉన్నాయి. కొత్తవి తెప్పించారు.

6. ఇనుప దూలానికి చైన్ కప్పీ తగిలించారు. దాని మీద "2 టన్నులు" అని ఉంది. అంతకు మించిన బరువు దానికి తగిలించకూడదు. నాలుగు మూలలా గొలుసు కట్టి, క్యాబిన్‌ను నాలుగు వేళ్ళ ఎత్తు లేపి ఆపారు. మేస్త్రి చుట్టూ తిరిగి చూశాడు. ఒక వైరు ఇంకా పట్టుకుని ఉంది. దాన్ని విప్పాకే పైకి లేపారు.

షెడ్డులో పనిచేసే పిల్లోడు కిందికి దూరబోయాడు. "ఒరేయ్, గొలుసు తెగితే ప్రాణం పోతాది. ఇవతలికి రా!" అని మేస్త్రి కేకేశాడు. వేలాడే బరువు కింద ఎవరూ ఉండకూడదు. క్యాబిన్‌ను పక్కన కొయ్య దిమ్మెల మీద దించాకే ఇంజను పని మొదలు పెట్టారు.

సాయంత్రానికి పాత ఇంజను బయటికి వచ్చింది. వ్యాపారి వేరే ఇంజను తెచ్చాడు. రసీదు అక్క చేతికిచ్చాడు. "డబ్బులిచ్చేస్తే పోతానమ్మా" అన్నాడు.

అక్క రసీదు తీసుకుని ఇంజను దగ్గరికి పోయింది. గుడ్డతో మసి తుడిచింది. ఇంజను మీద చెక్కిన నంబరును వేలు పెట్టి ఒక్కో అంకె చదివింది. రసీదులో ఒకచోట 7 ఉంది. ఇంజను మీద అక్కడ 1 ఉంది.

"ఒక్క అంకెకు ఏమవుతుందమ్మా?" అన్నాడు వ్యాపారి.

"రేపు దారిలో ఆపి, ఇది ఎవరి ఇంజనని అడిగితే నేనేం చెప్పాల? సరిగ్గా రాసి తే నాయనా. అప్పుడే డబ్బులు" అంది అక్క.

వ్యాపారి వెళ్ళి రసీదు సరిగ్గా రాయించి తెచ్చాడు. ఆమె మళ్ళీ చదివి చూసుకుని డబ్బులిచ్చింది.

ఇంజను బిగించారు. క్యాబిన్ దించారు. అట్ట ముక్కలు చూసి వైర్లు కలిపారు. ఒక్కటీ తప్పు పోలేదు. రోడ్డెక్కే ముందు షెడ్డు ఆవరణలోనే బ్రేకు, స్టీరింగ్ చూసుకున్నారు.

పని అంతటితో అయిపోలేదు. ఆర్.సి. పుస్తకంలో పాత ఇంజను నంబరే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనులో దీని గురించి ఉంది. ఇంజను మార్చే ముందే రవాణా ఆఫీసు అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా మార్చి ఉంటే 14 రోజుల్లోగా ఆ ఆఫీసుకు తెలపాలి. ఆర్.సి., ఫీజు ఇచ్చి కొత్త నంబరు ఎక్కించుకోవాలి. బండి మీద ఫైనాన్సు అప్పు ఉంటే, అప్పిచ్చిన వారి అనుమతి కాగితం కూడా కావాలి. ఇన్సూరెన్సు వారికీ చెప్పాలి. నంబర్లు కలవకపోతే ప్రమాదం జరిగినప్పుడు, బండి అమ్మేటప్పుడు చిక్కులు వస్తాయి.

అక్క మూడో రోజే రవాణా ఆఫీసుకు పోయింది. దరఖాస్తు మీద సంతకం చేసింది. ఆర్.సి.లో కొత్త నంబరు ఎక్కాక, అక్కడే నిలబడి ప్రతి అంకె చదువుకుంది. ఆ తర్వాతే పుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది.

జవాబులు చెప్పండి

1. ఇంజను ఎందుకు పట్టేసింది?
2. క్యాబిన్‌ను నాలుగు వేళ్ళ ఎత్తులో ఎందుకు ఆపారు?
3. రసీదులో తప్పును అక్క ఎట్లా కనిపెట్టింది?
4. జూన్ 5న ఇంజను మారిస్తే 14 రోజులు ఏ తేదీతో పూర్తవుతాయి?

చదవండి, రాయండి

ఇంజను, క్యాబిన్, బోల్టు, గొలుసు, రసీదు, నంబరు, సంతకం

మీరు చేయండి

మీ ఇంట్లో బండి గానీ, నీళ్ళ మోటారు గానీ ఉందా? దాని మీద ఉన్న నంబరు చదవండి. కాగితంలోని నంబరుతో కలుస్తుందో లేదో చూడండి.