డ్రయర్‌కు టచ్ స్క్రీన్ పెట్టిస్తున్నారా?

ఉప్పుడు బియ్యం మిల్లులో డ్రయర్‌కు టచ్ స్క్రీన్ పెట్టించాలనుకుంటే ముందే క్యాటలాగు తెరవకండి. ప్యానెల్ చేసే అతన్ని ఒక షిఫ్టంతా మీ ఆపరేటర్ పక్కన నిలబెట్టండి. ఆవిరి పట్టిన ధాన్యంలో 35 శాతం దాకా ఉండే తేమ 14కు దిగేలోపు ఏ మీటరు ఎన్నిసార్లు చూస్తున్నాడో, చెయ్యి ఏ బటన్ మీదికి పోతోందో రాసుకోమనండి. మొదటి పేజీలో ఉండాల్సినవి అవే.

తర్వాత తెర. ఫోన్లలో ఉండే కెపాసిటివ్ రకం మందపాటి గ్లవ్స్‌కు పలకకపోవచ్చు, నీటిచుక్క పడితే తికమకపడుతుంది. రెసిస్టివ్ రకానికి నొక్కితే చాలు, గ్లవ్స్‌తోనైనా పుల్లతోనైనా. గీతలు తొందరగా పడతాయి, నిజమే. అయినా ఊక దుమ్ము, ఆవిరి ఉన్నచోట నా ఓటు దానికే. ముందువైపు దుమ్ము, నీళ్లు చొరకుండా ఐపీ65 రేటింగు ఉండాలి. గ్యాస్కెట్ సరిగ్గా కూర్చోకపోతే ఆ రేటింగు కాగితం మీదే ఉంటుంది.

తిరిగే ఫ్యాన్ల బొమ్మలు, ఎగిసే మంటలు మీకు ముచ్చటగా ఉంటాయి. రాత్రి షిఫ్టు అతనికి కావలసింది గాలి వేడి, తేమ, ఏ మోటారు ఆగిందన్న సంగతి. నేపథ్యం బూడిద రంగులో ఉంచి, ఎరుపును అలారాలకే దాచిపెట్టాలి.

అసలు పేచీ తెలుగుతో. చాలా ప్యానెళ్లకు ఒత్తులు కూర్చడం రాదు. ‘ఒత్తిడి’ అని టైపు చేస్తే తెర మీద ‘ఒత్‌తిడి’ అని విరిగిపడుతుంది. అలాంటప్పుడు మాటలను బొమ్మలుగా చేసి అతికించాలి. చాకిరే, కానీ తప్పదు. ‘ఫాల్ట్ 27’ అంటే ఎవరికి అర్థమవుతుంది? ‘రెండో ఎలివేటర్ ట్రిప్ అయింది, అడుగున ధాన్యం ఇరుక్కుందేమో చూడు’ అని ఉంటే ఫోన్ చేయకుండానే పని జరుగుతుంది.

వేడి అంకెకు హద్దు పెట్టించండి. 85 బదులు 850 కొడితే తెర ఒప్పుకోకూడదు. ఎమర్జెన్సీ స్టాప్ మాత్రం తెర మీద వద్దు. పసుపు పలక మీద ఎర్ర పుట్టగొడుగు బటన్, నేరుగా వైరింగ్‌తో, చేతికందే దూరంలో ఉండాలి.

అప్పగించేటప్పుడు డ్రయర్‌ను నడిపే పీఎల్‌సీ (కంట్రోలర్), స్క్రీన్ ప్రోగ్రాములు రెండూ పాస్‌వర్డులతో సహా పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. ఇవ్వనంటే ఆఖరి బిల్లు ఆపండి.