ఆడపడుచు వాటా

"ఆడపిల్ల ఆడపిల్లయే గాని ఈడపిల్ల కాదు" అను మాట మన యిండ్లలో తఱచుగ వినబడుచుండును. 'ఆడ' యనగా అక్కడ, అత్తవారింట అని భావము. పుట్టినయింట ఆమె కొన్నాళ్ల అతిథి యనియు, ఆ యింటి ఆస్తితో ఆమెకు సంబంధము లేదనియు ఈ మాటలోని అభిప్రాయము. విద్యార్థులారా! ఈ అభిప్రాయము నేటి చట్టమునకు సమ్మతము కాదు. ఆ మార్పు ఎట్లు వచ్చినదో ఈ పాఠమున తెలిసికొందము.

ఆస్తి రెండు విధములు. తండ్రి తన కష్టముచే సంపాదించినది స్వార్జితము. దానిని అతడు తన యిష్టము వచ్చినవారికి వ్రాసి యీయవచ్చును. తాత ముత్తాతలనుండి సంక్రమించినది పిత్రార్జితము. ఇందు పుట్టుకతోడనే హక్కు గలవారు కొందఱుందురు. ఆ కొందఱెవరు?

పూర్వము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పిన గ్రంథము మితాక్షర. ఆఱవ విక్రమాదిత్య చాళుక్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి వ్రాసిన వ్యాఖ్యానమిది. 13వ శతాబ్దమున కేతన కవి దీనిని 'విజ్ఞానేశ్వరీయము' అను పేర తెలుగు చేసెను. మితాక్షరను బట్టి న్యాయస్థానములు పాటించిన ధర్మము ప్రకారము పుట్టుకతో హక్కు పుత్రులకే కలదు. కూతురికి పోషణము, వివాహవ్యయము మాత్రమే దక్కెడివి. పసుపుకుంకుమల క్రింద తండ్రి కొంత భూమి నిచ్చినను అది ఆయన ప్రేమయే గాని ఆమె హక్కు కాదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టము అమలులోనికి వచ్చెను. హిందువులతోపాటు బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు గూడ ఇది వర్తించును. ఈ చట్టము తండ్రి భాగములో కూతురికిని పాలు కల్పించెను గాని, పుట్టుకతో వచ్చు హక్కును పుత్రులకే విడిచిపెట్టెను.

కూతురిని గూడ కొడుకువలెనే పుట్టుకతో హక్కుదారుగ చేసిన మొదటి రాష్ట్రము ఆంధ్రప్రదేశ్. నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగ నుండగా 1986లో చేసిన ఆ చట్టము 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించెను. అయితే ఆనాటికే పెండ్లియైన కూతుళ్లకు అది వర్తింపలేదు. అందుచే ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు హక్కు లేకుండుటయు, చెల్లెలికి కలుగుటయు సంభవించెను. 2005 సెప్టెంబరు 9న అమలైన కేంద్రచట్టము ఈ భేదమును తొలగించెను. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమముగ జరిగిన పంపకములను మాత్రము అది కదలింపలేదు. హక్కు పుట్టుకతో వచ్చినది గావున, 2005 నాటికి తండ్రి జీవించియుండ నక్కఱలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తీర్పు చెప్పెను.

ఒక లెక్క చూడుడు. ఒక రైతునకు తాతలనాటి తొమ్మిదెకరముల పొలము కలదు. భార్యను, ఒక కొడుకును, ఒక కూతురిని విడిచి, వీలునామా వ్రాయకయే అతడు మరణించెను. పూర్వధర్మమున పొలమంతయు కొడుకుదే. 1956 నాటి చట్టమున తండ్రికొడుకులకు చెరి నాలుగున్నర యెకరములు. తండ్రి భాగము మరల ముగ్గురికి పంచగా కొడుకునకు 6, కూతురికి 1½, తల్లికి 1½ ఎకరములు వచ్చును. నేటి చట్టమున తండ్రికి, కొడుకునకు, కూతురికి మూడేసి యెకరములు. తండ్రి భాగమును పంచగా కొడుకునకు 4, కూతురికి 4, తల్లికి 1. తల్లి పాలు తగ్గినదని గమనింపుడు. వాటా సమానమైనప్పుడు బాధ్యతయు సమానమే. తలిదండ్రులను పోషింపవలసిన భారము కొడుకులకే గాక కూతుళ్లకును కలదని 2007 నాటి చట్టము చెప్పుచున్నది.

చట్టము మాఱినంత త్వరగ ఆచారము మాఱదు. పంపకము నాడు ఆడపడుచును పిలిపించి, చీర పెట్టి, హక్కువిడుదల పత్రముపై సంతకము చేయించుట నేటికిని కలదు. వాటా యడిగినచో పుట్టింటి గడప దూరమగునేమో యని ఆమె భయము. "కట్నమిచ్చితిమి గదా!" యని కొందఱందురు. కట్నము 1961 నాటి చట్టముచే నిషిద్ధము. నేరమైన దానిని హక్కునకు బదులుగ లెక్కించుట న్యాయమా?

తన వాటాను తోబుట్టువున కిచ్చివేయుటకు ఆమెకు స్వేచ్ఛ కలదు. తెలిసి యిచ్చినది త్యాగము. తెలియక యిచ్చినది నష్టము. కావున చదువకయే ఏ పత్రముపైనను సంతకము చేయరాదు. ఉమ్మడి ఆస్తినుండి తన్ను తొలగించిరని తెలిసిననాటినుండి 12 ఏండ్లలోపల దావా వేయవలెను. ఖర్చునకు వెఱవ నక్కఱలేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. కోర్టుకెక్కి వైరము పెంచుకొనుటకంటె లోక్ అదాలత్‌లో రాజీపడుట మేలు. అచటి తీర్పు కోర్టు డిక్రీతో సమానము.

బాలురారా! రేపు మీ అక్కచెల్లెండ్ర వాటా మీ చేతిమీదుగ పోవలసియున్నప్పుడు, అది మీరిచ్చు దానము కాదని, వారిదే యని తలపుడు. బాలికలారా! అడుగుట ప్రేమకు విరోధము కాదని యెఱుగుడు. ఎవరిది వారికి దక్కిన యింటనే తోబుట్టువుల ప్రేమ నిలుచును.

ప్రశ్నలు

1. పిత్రార్జితమునకు, స్వార్జితమునకు గల భేదమేమి?
2. 1985 నాటి హక్కు ఎవరికి వర్తింపలేదు? ఆ లోప మెట్లు తీఱెను?
3. ఆ రైతునకు ఇద్దఱు కూతుళ్లున్నచో నేటి చట్టమున ఎవరెవరికి ఎంత వచ్చును?
4. "తెలిసి యిచ్చినది త్యాగము; తెలియక యిచ్చినది నష్టము" – వివరింపుడు.