సగటును చదువు విధము

మొదటి పరీక్ష మార్కులు చూచి, “మావాడికి లెక్కలు రావు” అని నిశ్చయించుకొని వచ్చు తలిదండ్రులకు మేమొక క్రికెట్టు లెక్క చెప్పుచుందుము.

మద్రాసు క్రికెట్టుకు పితామహుడని పేరొందిన బుచ్చిబాబు నాయుడు తెలుగువాడు. ఆయన కుమారుడు కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్పు టెన్నిసు ఆడెను. 1936లో, నలువదియేండ్లు నిండిన పిదప, ఇంగ్లండులో తొలి టెస్టు ఆడెను. రెండు టెస్టులలో ఆయన పరుగులు 40, 60, 29, 41; మొత్తము 170. కడపటి ఇన్నింగ్సులో అవుటు కాలేదు గనుక మూడుచేతనే భాగింపవలెను. (మా బాలురు తప్పక నాలుగుచేత భాగింతురు!) సగటు 56.66.

సునీల్ గవాస్కరు 214 ఇన్నింగ్సులలో 10,122 పరుగులు చేసెను, సగటు 51.12. అట్లయిన రామస్వామియే మిన్నయా? వెస్టిండీసుకు చెందిన ఆండీ గాంటోము 1948లో ఒకే ఇన్నింగ్సు ఆడి 112 చేసెను. బ్రాడ్‌మన్ సగటు 99.94 సైతము దానికి దిగువనే! అందుచేతనే పట్టికలు కూర్చువారు సాధారణముగా ఇరువది ఇన్నింగ్సులైనను ఆడినవారినే వరుసలో నిలుపుదురు. అమెరికా బేస్‌బాలు పట్టికలలోను ఇట్టి కనీస నియమము కలదు.

రామస్వామి పేరు ఆ వరుసలోనికి రాదు. భారతజట్టు మొట్టమొదటి టెస్టు ఆడిన 1932 నాటికే ఆయనకు ముప్పదియారేండ్లు.