అభ్యర్థి స్త్రీయైనపుడు – ఓటరు ధర్మము

ఎన్నికల కాలమున గ్రామములందు తరచుగా వినబడు మాటలు రెండు కలవు. “ఆడమనిషి, ఆమెకేమి తెలియును?” అనునది ఒకటి. “పాపము ఆడమనిషి, ఈసారి ఆమెకే వేయుదము” అనునది మరియొకటి. మొదటిది నింద, రెండవది దయ. అయినను రెండింటిలోను అభ్యర్థి నడవడి గాని, చేసిన పని గాని, చూపిన లెక్క గాని ప్రస్తావనకు రాలేదు. దేహమును చూచియే తీర్పు ముగిసినది. ఓటరు ఇట్లు తీర్పు చెప్పుట తగునా? తగదనుట సులభము. తగదని చెప్పిన మాత్రమున మనస్సులోని త్రాసు సరియగునా యనునదే విచారింపవలసిన విషయము.

చట్టము మాటను మొదట చూడవలెను. మద్రాసు శాసనమండలి 1921లో స్త్రీలకు ఓటు హక్కునిచ్చుటకు సమ్మతించెను. నాటి మద్రాసు రాష్ట్రములోని తెలుగు జిల్లాలలో ఆస్తి అర్హత గల కొలదిమంది స్త్రీలకు ఆ హక్కు అట్లు లభించెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము ఆస్తి, చదువు అను అడ్డంకులను తొలగించి వయోజనులందరికిని ఓటునిచ్చినది. స్త్రీయను కారణమున ఎవరికిని ఓటర్ల జాబితాలో చోటు లేదనరాదని 325వ అధికరణము చెప్పుచున్నది.

అయినను 1951-52 నాటి మొదటి సాధారణ ఎన్నికలకు జాబితాలు సిద్ధపరచుచుండగా ఒక చిక్కు వచ్చెను. ముఖ్యముగా ఉత్తరాది రాష్ట్రములందు అనేకమంది స్త్రీలు వ్రాయ వచ్చిన వారికి తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే వ్రాయించుకొనిరి. స్వంత పేరు లేనిదే ఓటరుగా అంగీకరింపరాదని ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టగా, సుమారు 28 లక్షలమంది స్త్రీలు జాబితాలో చోటు కోల్పోయిరి. కఠినమైన నిర్ణయమే. కాని ఓటు ఒకరి భార్యకు గాని తల్లికి గాని ఇచ్చినది కాదు, పేరు గల మనిషికి ఇచ్చినదని దానివలన స్పష్టపడెను.

మరియొక సంగతి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ విభాగమున మతము, జాతి, కులము, సమాజము, భాష పేర ఓటడుగుటను అవినీతికరమైన ఆచరణగా ఎంచినది. ఆ పట్టికలో స్త్రీ పురుష భేదము లేదు. “ఆడబిడ్డను గెలిపించుడు” అని అడిగినవారిని ఆ విభాగము తప్పుపట్టదు. ఈ ఒక్క విషయమును చట్టము ఓటరు వివేకమునకే విడిచినది.

శరణుల చరిత్ర చదువు ఇండ్లలో ఇది క్రొత్త ప్రశ్న కాదు. అక్కమహాదేవి కల్యాణమునకు వచ్చినపుడు అల్లమప్రభువు ఆమెను స్త్రీయని త్రోసివేయలేదు; స్త్రీయని పరీక్షను తగ్గింపనులేదు. నీ భర్త ఎవరని ఆయన అడిగినట్లు శూన్యసంపాదనము చెప్పుచున్నది. లోకము స్త్రీని అడుగు ప్రశ్నయే అది. ఆమె చెన్నమల్లికార్జునుని చూపి, తరువాతి ప్రశ్నలకన్నింటికిని తన నోటనే సమాధానము చెప్పుకొనెను. పిమ్మటనే శరణులు ఆమెను అక్కయని గౌరవించిరి. అనుభవమంటపము శాసనసభ కాదు, అచట ఓట్లు లేవు. పోలికను అంతకు మించి లాగుట తగదు. తలుపు తెరచియుంచి, ప్రశ్నలను మాత్రము మెత్తబరుపని పద్ధతి అచట కనబడుచున్నది. అంతవరకే ఇచట కావలసినది.

ఇక నేటి ఓటరు త్రాసు ఎట్లున్నదో పరీక్షించి చూచిన సందర్భమొకటి కలదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చి, పంచాయతీలలో మూడవ వంతునకు తగ్గకుండ స్థానములను, అధ్యక్ష పదవులను స్త్రీలకు కేటాయించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో తరువాతి చట్టములు దీనిని సగమునకు పెంచినవి. పశ్చిమ బెంగాలులో ఏ పంచాయతీ అధ్యక్ష పదవి స్త్రీలకు చెందవలెనో క్రమసంఖ్యను బట్టి, అనగా దాదాపు చీటీ తీసినట్లు, నిర్ణయమయ్యెను. కావున కేటాయింపు గల పంచాయతీలను లేనివాటితో పోల్చి చూచుటకు వీలు కలిగెను. 2009లో ప్రకటింపబడిన ఒక అధ్యయనమునకై పరిశోధకులు ఆ రాష్ట్రమునందలి బీర్భూమ్ జిల్లా గ్రామస్థులకు ఒక నాయకత్వ ప్రసంగమును వినిపించిరి. మాటలన్నియు ఒక్కటే. కొందరు వానిని పురుషుని గొంతుతో, కొందరు స్త్రీ గొంతుతో వినిరి. స్త్రీల కేటాయింపు ఎన్నడును రాని గ్రామములలో పురుషులు స్త్రీ గొంతుతో వినిన ప్రసంగమునకు తక్కువ విలువ కట్టిరి.

ఇచట కొంత నిలిచి ఆలోచింపవలెను. ఆ పురుషులు స్త్రీలను ద్వేషించువారని తలచనక్కరలేదు. తాము ప్రసంగమునే తూచుచున్నామని వారు నమ్మియుందురు. “స్త్రీ పురుష భేదము చూడను, యోగ్యతనే చూతును” అను ఓటరు కూడ తరచుగా ఇట్టి స్థితిలోనే యుండును. తట్టలో ముందే ఒక రాయి పడియున్నపుడు, క్రొత్తగా ఏమియు వేయలేదని చెప్పిన తూకము సరికాదు. ఆ రాయిని వెదకి తీసివేయవలెను. తీసివేయుట వేరు, రెండవ తట్టలో మరియొక రాయి వేయుట వేరు. పాపమని వేసిన ఓటు ఈ రెండవ రకమునకు చెందినది. అది అభ్యర్థికిని గౌరవము కాదు.

రాయి కదలునని కూడ ఆ అధ్యయనమే చూపినది. స్త్రీ అధ్యక్షురాలి పాలన చూచిన గ్రామములలో ఆ వ్యత్యాసము దాదాపు పోయెను. నాయకుడు పురుషుడే కావలెనను ఇష్టము మాత్రము వారిలో నిలిచియుండెను. ఇష్టము మారకయే తీర్పు మారినది! రెండు పర్యాయములు కేటాయింపు జరిగిన చోట్ల, తరువాత కేటాయింపు లేని ఎన్నికలలో సయితము మునుపటికంటె ఎక్కువమంది స్త్రీలు నిలిచి గెలిచిరి.

స్త్రీల కష్టము స్త్రీకే తెలియును, కావున స్త్రీయను మాటను కొంత లెక్కింపవలెనని వాదించువారు కలరు. వాదమున బలము లేకపోలేదు. 2004లో వెలువడిన మరియొక అధ్యయనమున, బీర్భూమ్‌లోను రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లోను స్త్రీలు అధ్యక్షులైన పంచాయతీలు త్రాగునీటి పనులపై ఎక్కువ శ్రద్ధ పెట్టినట్లు తేలినది. స్త్రీలు ఎక్కువగా ఫిర్యాదు చేసినదియు నీటిని గురించియే. బిందె మోసినవారికి బావి దూరము తెలియును. అయితే ఇంటిలో కుళాయి గల స్త్రీకి అది తెలియకపోవచ్చును. నీరు మోసిన పురుషునికి తెలియవచ్చును. ఓటరు అడుగవలసినది ఆ అనుభవమును గురించి. ఇద్దరు అభ్యర్థులు అన్నివిధముల సమానులై, ఎన్నికగు సభలో స్త్రీల గొంతు అసలే లేకున్నచో, ఆ లోటును తలచి స్త్రీకి ఓటు వేయుటను మాత్రము పక్షపాతమనరాదు. అది సభ అవసరమును చూచి వేసిన ఓటు.

లోపమంతయు ఓటరుదే యనుటయు న్యాయము కాదు. 2024 లోక్‌సభ ఎన్నికలలో ఓటు వేసినవారి శాతము పురుషులలో కంటె స్త్రీలలో కొంచెము ఎక్కువ. అభ్యర్థులలో మాత్రము స్త్రీలు పదవ వంతునకు లోపే. 543 స్థానములలో గెలిచిన స్త్రీలు 74 మంది. ఓటరు చెంతకు రాకమునుపే, పార్టీల గడప వద్దనే పలువురు ఆగిపోయిరి. 2023 నాటి 106వ సవరణ లోక్‌సభలోను శాసనసభలలోను మూడవ వంతు స్థానములను స్త్రీలకు చెప్పినది గాని, అమలును జనగణనకును నియోజకవర్గముల పునర్విభజనకును ముడిపెట్టినది.

కేటాయించిన పంచాయతీలో అభ్యర్థులందరు స్త్రీలే. అచట స్త్రీయా పురుషుడా యను ప్రశ్న తొలగి, “ఎవరి భార్య?” అను ప్రశ్న ముందుకు వచ్చుచున్నది. మొదటి ఓటర్ల జాబితానాటి దోషమే ఇది. కరపత్రముపై ఆమె కంటె భర్త చిత్రము పెద్దది. గెలిచిన పిమ్మట కుర్చీలో ఆయన, సంతకమునకు ఆమె. మారయ్య అవసరమునకు మించిన బియ్యము ఏరి తెచ్చినపుడు, తిరిగి పోసి రమ్మని భర్తను నిలదీసిన ఇల్లాలు ఆయ్దక్కి లక్కమ్మ. ఆమె కథను పిల్లలకు చెప్పు ఇండ్లవారు, పంచాయతీ లెక్కలు భర్త చెప్పుచుండగా సర్పంచి వంటింట నుండుటను ఎట్లు ఒప్పుకొందురు?

ప్రచారమునకు వచ్చినవారిని, స్త్రీయైనను పురుషుడైనను, ఒకే ప్రశ్నలు అడుగవచ్చును. నీటి పథకమేమైనది, గ్రామసభ ఎన్నిమారులు పెట్టుదురు, ఇంటిపన్ను లెక్క ఎచట చూపుదురు? “మీరు తిరుగుచుండిన ఇల్లెవరు చూతురు?” అని స్త్రీని అడుగుట పలుచోట్ల అలవాటు. అడుగదలచినచో పురుషుని కూడ అడుగవలెను. అభ్యర్థికి బదులు భర్త సమాధానము మొదలుపెట్టినచో, “అయ్యా, అమ్మగారిని చెప్పనిండు” అనుటలో మర్యాదకు లోపము లేదు. యజమాని చెప్పిన గుర్తుకే ఇల్లంతయు ఓటు వేయు అలవాటున్న చోట, కోడలు ఎవరికి వేసినదని అడుగకుండుట కూడ ఈ విచారములోనిదే. ఓటు రహస్యమును చట్టము కాపాడుచున్నది.

మఠములు చేయదగినది చిన్నది. జాతరకు గాని పురాణ మంగళమునకు గాని సర్పంచిని పిలిచినపుడు, ఆహ్వానపత్రికలో ఎన్నికైన ఆమె పేరే అచ్చు వేయించి, వేదికపై ఆసనము ఆమెకే ఇచ్చి, రెండు మాటలు ఆమెనే పలుకుమనవలెను. భర్త భక్తుల నడుమ కూర్చుండవచ్చును.