పాఠం 9: ఓడలు కట్టిన వడ్రంగి – లవ్‌జీ వాడియా

9.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• ఒక వడ్రంగి పనివాడు తన కుటుంబానికి వృత్తిలో పునాది ఎలా వేశాడో వివరించగలుగుతారు;
• ఓడల నిర్మాణానికి టేకు ఎందుకు మేలైనదో చెప్పగలుగుతారు;
• కాలం మారినప్పుడు చేతివృత్తి నిలవాలంటే ఏమి అవసరమో చర్చించగలుగుతారు.

9.2 ఉపోద్ఘాతం

మీలో కొందరు వడ్రంగం, తాపీపని, కుట్టుపని వంటి వృత్తులలో ఉండవచ్చు. పని బాగా వచ్చినవాడు నలుగురిని చేర్చుకొని మేస్త్రి కావటం, మేస్త్రి కాంట్రాక్టరుగా ఎదగటం మీరు చూసే ఉంటారు. అయితే తండ్రి తెచ్చుకొన్న పేరును కొడుకు నిలబెట్టటం కష్టం. మనవడి కాలం దాకా అది నిలవటం మరీ కష్టం. బొంబాయిలో ఒక కుటుంబం దాదాపు 150 ఏళ్లపాటు ఓడల నిర్మాణంలో పేరు నిలుపుకొంది. అది ఎలా సాధ్యమైందో ఈ పాఠంలో తెలుసుకొందాం.

9.3 మాట తప్పని మేస్త్రి

లవ్‌జీ నసర్వాన్‌జీ వాడియా 1702లో పుట్టాడు. ఆయన పార్సీ. గుజరాత్‌లోని సూరత్ రేవులో ధన్‌జీభాయ్ అనే ఓడల నిర్మాత దగ్గర పెద్ద మేస్త్రిగా పనిచేసేవాడు. ఈస్టిండియా కంపెనీ తన కోసం ఒక ఓడను అక్కడ కట్టించింది. ఆ పని చూడటానికి వచ్చిన డడ్లీ అనే కంపెనీ అధికారి లవ్‌జీ పనితనాన్ని గమనించాడు. బొంబాయికి వచ్చి కంపెనీ ఓడల పని చేపట్టమని అడిగాడు.

పెద్ద అవకాశమే. కాని లవ్‌జీ వెంటనే ఒప్పుకోలేదట. తన యజమానితో ఒప్పందం ఉందనీ, ఆయన అనుమతి లేనిదే రాననీ చెప్పాడట. యజమాని సరేనన్న తరువాతే, 1736లో, కొద్దిమంది వడ్రంగులను వెంటబెట్టుకొని బొంబాయి చేరాడు. పనివాడికి చేతిలో పని ఎంత ముఖ్యమో నోట్లో మాట కూడా అంతే ముఖ్యమని దీనివల్ల తెలుస్తుంది.

లవ్‌జీ, ఆయన తమ్ముడు సొరాబ్‌జీ కలిసి 1750లో బొంబాయిలో డ్రై డాక్ నిర్మించారు. ఆసియాలో ఇలాంటి వాటిలో ఇదే మొదటిదంటారు. ఓడను లోపలికి తెచ్చి, తలుపులు మూసి, నీరు తోడేస్తే ఓడ అడుగుభాగం పొడిగా బయటపడుతుంది. అప్పుడు మరమ్మతు చేయటం సులువు.

9.4 టేకు గొప్పతనం

కలప ఎంపికలోనే వడ్రంగి తెలివి బయటపడుతుంది. ఇంగ్లండులో ఓడలను ఎక్కువగా ఓక్ కలపతో కట్టేవారు. ఓక్‌లో ఉండే ఆమ్లం ఇనుప మేకులను తినేస్తుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది. అది మేకులకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. పురుగునూ చెదనూ దరిజేరనీయదు. అందుకే మలబారు టేకుతో కట్టిన బొంబాయి ఓడలకు మంచి పేరు వచ్చింది.

9.5 మనవలూ ఉలి పట్టారు

లవ్‌జీ పేరున్న మేస్త్రి అయిన తరువాత కూడా తన మనవలను నేరుగా పెద్ద పనిలో కూర్చోబెట్టలేదు. ఫ్రామ్‌జీ, జంషెడ్‌జీ అనే ఇద్దరు మనవలు నెలకు 12 రూపాయల జీతానికి మామూలు వడ్రంగులుగా చేరారు. కలప కోయటం దగ్గర నుంచి పని నేర్చుకొన్నారు. 1774లో లవ్‌జీ మరణించాక ఆయన కుమారులు, ఆ తరువాత మనవలు పని అందుకొన్నారు.

జంషెడ్‌జీ బ్రిటిష్ నౌకాదళానికే యుద్ధనౌకలు కట్టి ఇచ్చాడు. 1810లో నీటిలోకి దిగిన మిండెన్, 1813 నాటి కార్న్‌వాలిస్ వాటిలో ఉన్నాయి. 1817లో తయారైన ట్రింకోమలీ ఇప్పటికీ ఇంగ్లండులోని హార్ట్‌పూల్‌లో నీటి మీద నిలిచి ఉంది.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. పని వాడియాలది, డాక్ యజమాని మాత్రం కంపెనీ. ఆ ఓడలను దేనికి వాడాలో నిర్ణయించేది కూడా పాలకులే. నల్లమందు యుద్ధం తరువాత చైనా మీద రుద్దిన నాన్‌కింగ్ ఒప్పందం 1842లో ఈ కార్న్‌వాలిస్ ఓడ మీదనే జరిగింది.

9.6 ఆవిరి వచ్చింది

19వ శతాబ్దంలో కర్ర స్థానంలో ఇనుము, తెరచాప స్థానంలో ఆవిరి యంత్రం వచ్చాయి. తరతరాల వడ్రంగం ఒక్కటే ఇక చాలదు. ఈ సంగతిని కుటుంబంలోని కొందరు ముందుగానే గుర్తించారు. జహంగీర్ నౌరోజీ, హీర్జీభాయ్ మెర్వాన్‌జీ 1838లో ఇంగ్లండు వెళ్లి ఓడల నిర్మాణం చదువుకొన్నారు. ఆర్దేశీర్ కర్సెట్‌జీ ఆవిరి యంత్రాలలో నిపుణుడై, 1841లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం పొందిన మొదటి భారతీయుడయ్యాడు.

అయినా కర్ర ఓడల కాలం తిరిగి రాలేదు. 1880ల నాటికి బొంబాయి డాక్‌లో వాడియాల ప్రధాన నిర్మాత పదవి ముగిసింది. మన గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి కూడా ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరుపొందింది. ఆ వైభవమూ తగ్గిపోయింది. వాడియా కుటుంబం మాత్రం వేరే దారి వెతుక్కొంది. నౌరోస్‌జీ వాడియా 1879లో బాంబే డైయింగ్ స్థాపించి బట్టల పరిశ్రమలో అడుగుపెట్టాడు.

9.7 మీరు నేర్చుకొన్నవి

• చేతిపని, ఇచ్చిన మాట – ఈ రెండూ లవ్‌జీ పెట్టుబడి.
• వారసులు కింది మెట్టు నుంచి పని నేర్చుకోవటం వల్ల వృత్తి నిలిచింది.
• పాత పని మీద గౌరవంతోపాటు కొత్త విద్య నేర్చే ఓపిక కూడా ఉండాలి.

9.8 పదాలు – అర్థాలు

ముఖద్వారం = నది సముద్రంలో కలిసే చోటు
పనితనం = పనిలో నేర్పు
నల్లమందు = గసగసాల కాయల పాల నుంచి తీసే మత్తుపదార్థం

9.9 ప్రశ్నలు

అ) సరైన జవాబు రాయండి.
1. లవ్‌జీ బొంబాయి చేరిన సంవత్సరం ఏది?
2. ట్రింకోమలీ ఓడ ఇప్పుడు ఎక్కడ ఉంది?

ఆ) నాలుగైదు వాక్యాలలో రాయండి.
3. ఓడల నిర్మాణానికి ఓక్ కంటే టేకు ఎందుకు మేలు?
4. లవ్‌జీ తన మనవలను మామూలు వడ్రంగులుగా ఎందుకు చేర్చి ఉంటాడు?

ఇ) మీకోసం ఒక పని
5. మీ ఊరిలో మూడు తరాలుగా ఒకే వృత్తిలో ఉన్న కుటుంబాన్ని కలుసుకోండి. తాత వాడిన పనిముట్లు ఏవి, మనవడు వాడుతున్నవి ఏవి? ఆ మార్పు వల్ల వారి బతుకులో వచ్చిన లాభనష్టాలను ఒక పేజీలో రాయండి.

జవాబులు: 1. 1736 2. ఇంగ్లండులోని హార్ట్‌పూల్‌లో